ఉల్లిపాయలకు పోయిన అడాప్టరు

ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పగలం అని మన ఆడవాళ్ళం గొప్పలు పోతూ ఉంటాం. నేనూ అంతే. ఇంగువ డబ్బా దగ్గర్నుంచి పిల్లల బారసాల నాటి వెండి గిన్నె దాకా కళ్ళు మూసుకుని తీసివ్వగలను. అలాంటి నేను ఒకే ఒక్క వస్తువు విషయంలో పాతికేళ్ళు అబద్ధంతో కాపురం చేశాను. అదేమీ నగా కాదు, నట్రా కాదు. అరచేతిలో ఇమిడే నల్లటి ప్లాస్టిక్ ముక్క. వీడియో గేము అడాప్టరు! నవ్వకండి. ఇది చదివాక మీరు కూడా ఒకసారి మీ అటకెక్కి చూసుకుంటారు.

మావారు 1995 నుంచి 2004 దాకా మస్కట్‌లో పనిచేశారు. నేను ఇద్దరు పిల్లల్నీ పెట్టుకుని కోనసీమలో మా అత్తగారి దగ్గర ఉండేదాన్ని. ఆయనకు రెండేళ్ళకోసారి సెలవు. 1997 మే నెలలో వచ్చినప్పుడు టాంగు పొడి, యాక్స్ ఆయిలు, సెంటు సీసాల మధ్య తువ్వాలు చుట్టి జాగ్రత్తగా ఓ నల్లపెట్టె తెచ్చారు. సెగా మెగా డ్రైవ్ రెండో మోడలు. టీవీకి తగిలించి, చేతిలో పట్టుకునే బొత్తాల పలక నొక్కితే నీలంరంగు ముళ్ళపంది ఒకటి పరుగులు పెట్టేది. దాని పేరు సోనిక్. పెట్టె ఆన్ చెయ్యగానే పాట పాడినట్టు "సే...గా!" అని గొంతులు వినపడేవి. మా పిల్లలిద్దరూ దాంతోపాటు గట్టిగా అరిచేవారు. పక్కింటి పిల్లలు గోడ దూకి వచ్చేసేవారు. ఆ సెలవు నెలన్నరా ఆయన కూడా పిల్లల మధ్య బాసింపట్టు వేసుక్కూచునేవారు. ఆయన ముళ్ళపంది ప్రతిసారీ అదే గోతిలో పడేది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. రెండేళ్ళకోసారి కనిపించే నాన్నంటే పిల్లలకు కొత్త ఉంటుంది కదా! ఆ కొత్త పోగొట్టింది ఆ పెట్టే.

1999 మార్చిలో మా అబ్బాయికి పదో తరగతి పరీక్షలు. సంక్రాంతి వెళ్ళినా వాడు ఆ పెట్టె వదలడంలేదు. ఒకరోజు లెక్కల మాస్టారు దారిలో కనపడి, "ఏమ్మా, అబ్బాయి ఎక్కడో ఆలోచిస్తున్నాడు" అన్నారు. నాకు కాళ్ళకింద నేల కదిలినట్టయింది. మొగుడు దూరదేశంలో ఉంటే పిల్లవాడు చెడిపోయాడన్న మాట ఎవరి మీదికి వస్తుందో మీకు తెలియంది కాదు. ఆ మధ్యాహ్నమే అడాప్టరు పీకేసి, పాతగుడ్డలో చుట్టి, అటకమీద ఉన్న చిల్లుపడ్డ సత్తుగిన్నెలో పెట్టి పైన చాట బోర్లించాను. పెట్టె వాడి కళ్ళెదురుగానే వదిలేశాను. "పరీక్షలయ్యాక ఇస్తాను" అన్నాను. వాడు నాలుగురోజులు అలిగి, తరవాత పుస్తకాలు తీశాడు.

పరీక్షలయ్యాయి. అటకెక్కాను. చాట ఉంది. గిన్నె లేదు!

అప్పుడు గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో "పాత సామాన్లకు ఉల్లిపాయలు" అంటూ సైకిలు మీద వచ్చినవాడికి చిల్లుపడ్డ గిన్నెలన్నీ పోగేసి ఇచ్చేశాను. రెండు కేజీల ఉల్లిపాయలు తూచాడు. గీచి గీచి బేరమాడి ఇంకో నాలుగు పాయలు కూడా వేయించుకున్నాను. ఆ గిన్నెతోపాటే అడాప్టరూ వెళ్ళిపోయింది.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. "కరెంటు ఎక్కువ తక్కువల్లో పెట్టె మొత్తం కాలిపోయింది, అడాప్టరు కంపు కొడుతుంటే పారేశాను" అన్నాను పిల్లలతో. మా ఊళ్ళో ఆ రోజుల్లో కరెంటు తీరు ఎరిగినవాళ్ళు కనుక నమ్మేశారు. జూన్‌లో మావారు వచ్చారు. ఆయనకూ అదే చెప్పాను. ఆయన పెట్టె ఒళ్ళో పెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "ధర తక్కువని తీసుకున్నాన్రా. ఇంకో పది రియాళ్ళు పెట్టి ఉంటే మంచి సరుకు వచ్చేదేమో" అన్నారు పిల్లలతో, తప్పు చేసినవాడిలా. ఆ తరవాత ఆయన మళ్ళీ కరెంటుతో నడిచే వస్తువేదీ తేలేదు. సబ్బులు, సెంట్లు, దుప్పట్లు, అంతే. అబ్బాయికి ఫస్టుక్లాసొచ్చింది. ఆ సంబరంలో నేను ఆ మాట మర్చిపోయాననుకున్నాను.

కాలం గడిచింది. రాజమండ్రిలో ఇల్లు కట్టుకున్నాం. అబ్బాయి బెంగుళూరులో, అమ్మాయి హైదరాబాదులో స్థిరపడ్డారు. 2024 వేసవి సెలవులకు మా అమ్మాయి కొడుకు వచ్చి, అటకంతా గాలించి ఆ నల్లపెట్టె దించాడు. "తాతయ్యా! ఇదేంటి?" అన్నాడు. మావారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "అది నేను తెచ్చిన చెత్తరా. రెండేళ్ళు కూడా పనిచెయ్యలేదు" అన్నారు.

పప్పులో గరిటె అలాగే ఉండిపోయింది నా చేతిలో. పాతికేళ్ళ తరవాత కూడా ఆ మనిషి మనసులో ఆ పది రియాళ్ళ లెక్క తేలలేదన్నమాట! ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. ఈ పెట్టెకు తగిన అడాప్టరు వెతికి పట్టుకుంటాను, ఇది చెత్త కాదని ఆయనకు చూపిస్తాను అని.

పిల్లవాడు హైదరాబాదు వెళ్ళిపోయాక ఒకరోజు కూరగాయల సంచిలో పెట్టె పెట్టుకుని మా ఊళ్ళో ఓ ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణానికి వెళ్ళాను. ఆయన పెట్టె వంక సరిగా చూడను కూడా చూడలేదు. "అన్ని అడాప్టర్లూ ఒకటే అమ్మా" అంటూ డిష్షు పెట్టెకు వాడే 12 వోల్టుల అడాప్టరు తీశాడు. పిన్ను పట్టలేదు. "వైరు కోసి వేరే పిన్ను కలిపేస్తాను, పది నిమిషాలు" అన్నాడు. నాకెందుకో మనసొప్పలేదు. అప్పుడు ఇంకోటి ఇచ్చాడు. దాని మీద 3, 4.5, 6, 7.5, 9, 12 అని అంకెలు, తిప్పే మీట ఉన్నాయి. తీగ చివర మార్చుకోడానికి రకరకాల పిన్నులు. ఒక పిన్ను బాగానే పట్టింది. తీసుకుని ఇంటికొచ్చాను.

మావారు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. స్విచ్చి వెయ్యబోతూ, ఎందుకైనా మంచిదని మా అమ్మాయికి ఫొటో పంపాను. అది కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివింది లెండి. క్షణంలో ఫోను మోగింది. "అమ్మా! స్విచ్చి వెయ్యకు! పిన్ను తిరగేసి పెట్టావు!" అని ఒకటే కేక.

అప్పుడు అది విడమరిచి చెప్పింది. నాకర్థమైన పద్ధతిలో మీకూ చెబుతాను. ఇది ఒక్క గేము పెట్టెకే కాదు, ఇంట్లో ఉన్న ప్రతి అడాప్టరుకూ పనికొస్తుంది.

అడాప్టరు మీద సన్నటి అక్షరాల్లో రెండు వరుసలుంటాయి. ఒకటి ఇన్‌పుట్, అంటే గోడలోంచి అది తీసుకునేది. రెండోది అవుట్‌పుట్, అంటే పెట్టెకు అది ఇచ్చేది. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు. అమెరికాలో 120. 1998లో మా చెల్లెలి మరిది అమెరికా నుంచి సూపర్ నింటెండో పెట్టె తెచ్చి, అక్కడి అడాప్టరే ఇక్కడి ప్లగ్గులో ఎలాగో దూర్చాడు. ఢాం అని చప్పుడు, గదంతా పొగ! దాని ఇన్‌పుట్ దగ్గర 120 అని రాసే ఉంది, ఎవరు చదివారు? అలాంటివాటికి కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరైనా పెట్టాలి, లేదా ఇక్కడి కరెంటుకు పనికొచ్చే అడాప్టరు వేరే కొనాలి.

ఇక అవుట్‌పుట్ వరుసలో చూడవలసినవి నాలుగు. మొదటిది వోల్టులు. ఇది పొయ్యి మంట లాంటిది. పాలకు పెట్టాల్సిన మంట పాలకే పెట్టాలి. మా పెట్టె మీద 10 వోల్టులు అని ఉంది. లోపల మూడు కాళ్ళ చిన్న రెగ్యులేటరు ముక్క ఉండి, వచ్చినదాన్ని 5 వోల్టులకు తగ్గించి పంచుతుందట. అందుకే 9 వోల్టుల మంచి అడాప్టరు పెట్టినా సరిపోతుంది. 12 పెడితే ఆ ఎక్కువంతా వేడిగా మారి ముక్కను మాడుస్తుంది.

రెండోది ఆంపియర్లు. నేను ఎక్కువుంటే ప్రమాదం అనుకున్నాను. కాదుట. ఆంపియర్లంటే గిన్నెలో వండిన అన్నం. ఎంత వండినా తినేవాడు ఆకలికి తగ్గట్టే తింటాడు. తక్కువ వండితేనే గొడవ. మా పెట్టెకు 0.85 ఆంపియర్లు, అంటే 850 మిల్లీ ఆంపియర్లు కావాలి. 1 ఆంపియరుది పెట్టినా, 2 ఆంపియర్లది పెట్టినా దిగుల్లేదు. 300ది పెడితే బొమ్మ వణుకుతుంది, ఆట మధ్యలో ఆగిపోతుంది, అడాప్టరు పెనంలా కాలుతుంది.

మూడోది ఏసీయా, డీసీయా. ఇది చాలామంది చూడరు. జపానులో అమ్మిన నింటెండో ఫ్యామికామ్‌కు 10 వోల్టుల డీసీ కావాలి. అమెరికాలో అమ్మిన నింటెండో పెట్టెకు కంపెనీ ఇచ్చిన అడాప్టరు 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. ఆ అమెరికా పెట్టె ఏసీ పెట్టినా, డీసీ పెట్టినా నడుస్తుంది, లోపల మార్చుకునే ఏర్పాటుంది. కానీ ఆ ఏసీ అడాప్టరు తీసుకెళ్ళి ఫ్యామికామ్‌కు పెడితే పెట్టె పని అయిపోయినట్టే. చూడబోతే రెండడాప్టర్లూ కవలపిల్లల్లా ఉంటాయి.

నాలుగోది ప్లస్సు, మైనస్సు. పెట్టె మీద కరెంటు కన్నం పక్కన చిన్న బొమ్మ ఉంటుంది. మధ్యలో చుక్క, దాని చుట్టూ నెలవంకలాంటి గీత, చెరో పక్క ప్లస్సు, మైనస్సు గుర్తులు. చుక్క వైపు ప్లస్సుంటే పిన్ను మధ్యలో ప్లస్సు ఉన్న అడాప్టరు కావాలి. అడాప్టరు మీదా అదే బొమ్మ ఉండాలి. మెగా డ్రైవ్ తమాషా ఏమిటంటే, మొదటి మోడలుకు మధ్యలో మైనస్సు, రెండో మోడలుకు మధ్యలో ప్లస్సు! ఒకే ఇంటిపేరు, ఒక తల్లి పిల్లలు, గుణాలు మాత్రం తూర్పు, పడమర. "సెగా అడాప్టరు" అని అడిగి తెచ్చుకుంటే సరిపోదు. ఏ మోడలుదో చెప్పాలి. పిన్ను సైజులు కూడా వేరే. బాగానే దూరింది కదా అని స్విచ్చి వేశారో, అంతే సంగతులు. మా దుకాణాయన ఇచ్చినదానికి పిన్ను ఎటైనా తిప్పి తగిలించవచ్చు. నేను తిరగేసి తగిలించాను.

అమ్మాయి ఫోనులో చూస్తుండగా పిన్ను తిప్పి పెట్టాను. మీట 9 మీద పెట్టాను. వెంకటేశ్వరస్వామికి ఒక దణ్ణం పెట్టుకుని స్విచ్చి వేసి, పెట్టె బొత్తాం జరిపాను.

ఎర్రదీపం వెలిగింది!

పాతికేళ్ళు అటకమీద దుమ్ము తిన్న పెట్టె. చెత్త అనిపించుకున్న పెట్టె. నాకు కళ్ళు చెమర్చాయి. పది నిమిషాలుంచేసరికి అడాప్టరు బాగా వేడెక్కింది. తిప్పి చూస్తే 500 మిల్లీ ఆంపియర్లే అని ఉంది. సగం కడుపు తిండన్నమాట. వెంటనే తీసేశాను. లోపల్నుంచి మావారు దగ్గిన చప్పుడైతే గబగబా అన్నీ సంచిలో పెట్టి మంచం కిందకు తోశాను. చూశారా, పాతికేళ్ళయినా నా బుద్ధి మారలేదు. మళ్ళీ దాచడమే!

శ్రావణమాసంలో అమ్మాయి వరలక్ష్మీవ్రతానికి రమ్మంటే హైదరాబాదు వెళ్ళాను. ఆవకాయ జాడీ పక్కన పెట్టె కూడా ప్రయాణం చేసింది. ఇద్దరం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాం. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు ఆ గల్లీకి పెట్టింది పేరు. మూడో దుకాణంలో ఓ కుర్రాడు పెట్టె చూడగానే, "ఇది మెగా డ్రైవ్ టూ కదా ఆంటీ!" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. వాడు మీటరు తీసి, 9 వోల్టులు, 1 ఆంపియరు ఇచ్చే అడాప్టరు కొలిచి చూపించాడు. మీటరు ఎర్ర పుల్ల పిన్ను మధ్యలో, నల్ల పుల్ల బయటి అంచుకు పెడితే అంకె ముందు మైనస్ గుర్తు రాలేదు. అంటే మధ్యలో ప్లస్సే. పాతకాలపు బరువు అడాప్టర్లు కొన్ని ఖాళీగా కొలిస్తే 9 అని రాసి ఉన్నా 12, 13 చూపిస్తాయనీ, పని మొదలెట్టాకే దిగివస్తాయనీ, అందుకే నిలకడగా 9 ఇచ్చే కొత్తరకం పట్టుకెళ్ళమనీ చెప్పాడు. మా పెట్టె కన్నానికి సరిపోయే పిన్ను సుమారు 4.75 మిల్లీమీటర్ల లావు, లోపలి రంధ్రం 1.7. మామూలుగా దొరికేది 5.5 లావుది. దానికి సరిపడే చిన్న మారుపిన్ను తగిలించి ఇచ్చాడు. దుకాణంలోనే అరగంట వెలిగించి ఉంచాం. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చన, అంతే. ఇంతకు ముందు మన ఊళ్ళో "అన్నీ ఒకటే" అన్న మాటకూ, ఈ కుర్రాడి ఓపికకూ ఎంత తేడా!

ఇక బొమ్మ తీగ. 1997లో టీవీ యాంటెనా వైరు పీకి, దాని స్థానంలో పెట్టె వైరు పెట్టి, ఛానెల్ వెతుక్కునేవాళ్ళం. ఆ వైరు కూడా ఎప్పుడో పోయింది. ఇప్పటి టీవీకి ఏవీ తీగ మేలని అమ్మాయి అంది. పసుపుపచ్చది బొమ్మకు, తెలుపు, ఎరుపు చప్పుడుకు. కంప్యూటర్లో చూసి తెప్పించింది. వచ్చిన తీగ పెట్టె కన్నంలో దూరనే దూరలేదు. అది మొదటి మోడలుది, ఎనిమిది సూదుల పెద్ద గుండ్రటి పిన్ను. మాకు కావాల్సింది తొమ్మిది సూదుల చిన్న పిన్ను. అడాప్టరుకు పడ్డ జాగ్రత్త తీగకు పడలేదు చూడండి. వెనక్కి పంపి సరైనది తెప్పించాం. ఈ పిన్నుల సూదులు సన్నం. బలవంతాన తోస్తే వంగిపోతాయి. గాడి చూసుకుని మెల్లిగా నొక్కాలి.

తీగల విషయంలో కొన్ని పెట్టెల వాళ్ళు పుణ్యం కట్టుకున్నారు. ప్లేస్టేషన్ మొదటిది, రెండోది, మూడోది, మూడింటికీ ఒకే ఏవీ తీగ పడుతుంది. మొదటి ప్లేస్టేషన్‌కు అడాప్టరు బెడదే లేదు, పాత టేప్‌రికార్డరుకు వాడే రెండు కన్నాల కరెంటు తీగే చాలు. అయితే ఏ దేశంలో కొన్నదో, పెట్టె మీద ఎన్ని వోల్టులని ఉందో చూసుకోవాలి. సూపర్ నింటెండో, నింటెండో 64, గేమ్‌క్యూబ్ మూడింటికీ మామూలు ఏవీ తీగ ఒకటే. ఇంట్లో ఒకటుంటే ఇంకోటి కొనక్కర్లేదు. అమెరికా, జపాను పెట్టెలు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో బొమ్మ పంపుతాయి. మనదీ, మస్కట్‌దీ పాల్ పద్ధతి. పాత టీవీల్లో కొన్నిట్లో ఆ అమెరికా బొమ్మ రంగులేకుండా వస్తుంది. ఇప్పటి టీవీలు చాలావరకు రెండూ చూపిస్తాయి.

దసరాకు అమ్మాయి, అల్లుడు, మనవడు రాజమండ్రి వచ్చారు. మావారు వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్న సమయం చూసి హాల్లో మొదలెట్టాం. టీవీ వెనక చూద్దును కదా, మూడు రంగుల కన్నాలే లేవు! ఏవీ అని రాసిన చిన్న కన్నం ఒకటే ఉంది. టీవీతో ఇచ్చిన పొట్టి తీగ ఎక్కడ పెట్టానో తెలీదు. (గొప్పలు పోయానా మొదట్లో!) సొరుగులో డిష్షు పెట్టెతో వచ్చిన అలాంటి తీగే కనపడింది. చివర మూడు రంగుల పిన్నులు. పిన్నూ పిన్నూ కలవవు కదా, వాటి మధ్యకు జాయింట్లు కావాలి. అల్లుడుగారు పండగపూట బజారుకెళ్ళి మూడు జాయింట్లు పట్టుకొచ్చారు.

రంగుకు రంగు కలిపాం. టీవీ రిమోటులో ఏవీ నొక్కాం. బొమ్మ లేదు. గుయ్‌మని జోరీగ చప్పుడు. నా గుండె జారిపోయింది. నిజంగానే కాలిపోయిందా, నా అబద్ధమే నిజమైందా అనిపించింది.

మా అమ్మాయి ఆలోచించి, "అమ్మా, ఈ చిన్న పిన్నులో ఏ గీత దేనికన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెడుతుంది. బొమ్మ వెళ్ళాల్సింది చప్పుడు దారిలో వెళితే ఇలాగే గుయ్యంటుంది" అంది. పెట్టె నుంచి వచ్చే పసుపు పిన్ను తీసి, డిష్షు తీగ ఎరుపుకు కలిపింది. ఎరుపును పసుపుకు కలిపింది. ఈ చిట్కా అన్నిసార్లూ పారదు. గ్రౌండు గీత ఒకే చోట ఉన్నప్పుడే పనిచేస్తుంది. లేకపోతే ఆ టీవీకి తగ్గ తీగే కొనాలి. ఆ చిన్న కన్నం కూడా లేని టీవీలకు ఏవీని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బీ దొరుకుతుంది. అచ్చం అలాగే ఉండి, హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చే డబ్బీ కూడా అమ్ముతారు. పొరపాటున అది తెచ్చుకుంటే నెత్తి బాదుకోవడమే. లోపలికి వెళ్ళేది ఏవీ అని రాసి ఉందో లేదో చూసి కొనండి.

టీవీలో తెల్లటి తెర వచ్చింది. మధ్యలో నీలం అక్షరాలు. హాలంతా మోగేలా, "సే...గా!"

అరుగు మీద పేపరు మడిచిన చప్పుడు. మావారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నీలంరంగు ముళ్ళపంది వేలు ఊపుతోంది. ఆయన దాన్ని చూశారు. నన్ను చూశారు.

"ఇది కాలిపోయిందన్నావు గదే?"

అల్లుడి ముందు, మనవడి ముందు, ఇంకేం దాచను? పరీక్షలు, సత్తుగిన్నె, ఉల్లిపాయలవాడు, అన్నీ చెప్పేశాను. మా అమ్మాయికి పెట్టె సంగతి తెలుసు కానీ ఉల్లిపాయల సంగతి తెలీదు. నోరు తెరుచుకుని వింది. ఆ సాయంత్రం ఫోనులో మా అబ్బాయి, "నేను అటకంతా వెతికానమ్మా, ఆ చాట ఒక్కటే ఎత్తి చూడలేదు" అని పడీపడీ నవ్వాడు. వాడు నవ్వాడు కానీ, అప్పుడు మావారు మాత్రం నవ్వలేదు. కోప్పడనూ లేదు. వచ్చి మనవడి పక్కన కింద కూచోబోయారు, మోకాళ్ళు సహకరించక కుర్చీ లాక్కున్నారు. "ఏదీ, ఇలా ఇవ్వరా" అని బొత్తాల పలక అందుకున్నారు. ఆయన ముళ్ళపంది పరిగెత్తి పరిగెత్తి మళ్ళీ అదే గోతిలో పడింది.

రాత్రి మంచినీళ్ళ చెంబు పెడుతుంటే, పైకప్పు చూస్తూ అన్నారు. "అయితే నేను తెచ్చింది మంచి సరుకే అన్నమాట."

"మంచి సరుకేనండీ. మస్కట్ నుంచి మీరు తెచ్చినవన్నీ మంచి సరుకే" అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు. చాలాసేపు నిద్రపోలేదని నాకు తెలుసు. నేనూ పోలేదు.

పిల్లవాడి చదువు కోసం దాచడం తప్పా అంటే ఇప్పటికీ చెప్పలేను. తల్లినన్న భయంతో చేసిన పని అది. పోయిందని ఒప్పుకోకపోవడం మాత్రం తప్పే. ఆ రోజే నిజం చెప్పి ఉంటే, జూన్‌లో ఆయనే మస్కట్ వెళ్ళాక అడాప్టరు పంపేవారు. ఇంకో రెండు మూడు సెలవులు పిల్లలూ, ఆయనా ఆ టీవీ ముందు కూచునేవారు. ఆ రోజులకు సరిపడే అడాప్టరు ఏ గల్లీలోనూ దొరకదు.

దసరా అయ్యాక ఓ మధ్యాహ్నం ఇంట్లో ఉన్న అడాప్టర్లన్నీ నేల మీద పరిచాను. మొత్తం పదకొండు తేలాయి. ఒక్కోదానికి తెల్ల కాగితం చీటీ అంటించి, ఏ వస్తువుదో, ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంపియర్లో, మధ్యలో ప్లస్సో మైనస్సో రాశాను. మీరూ ఈ పని చెయ్యండి. అరగంట పని, ఎన్నో వస్తువులు బతికిపోతాయి. మావారు పక్కన కూచుని గమ్ము రాసి అందించారు. మెగా డ్రైవ్ అడాప్టరు చీటీ మాత్రం నా చేతిలోంచి లాక్కుని తానే రాశారు. ఇప్పటికీ దాని మీద అలాగే ఉంది:

"9 వోల్టులు, 1 ఆంపియరు, మధ్యలో ప్లస్సు. ఉల్లిపాయలకు ఇవ్వరాదు."